సహజ నూనెలకు సరిపడే ఎమల్సిఫయర్‌ను ఎంచుకోవడం ఎలా: నిలకడగా ఉండే క్రీములు, లోషన్ల కోసం సమగ్ర మార్గదర్శి

క్రీమో లోషనో తయారుచేసిన కొద్ది రోజులకు పైన నూనె తేరినా, అడుగున నీరు దిగినా, చాలామంది ముందుగా చేసే పని ఎమల్సిఫయర్ (నూనెను, నీటిని కలిపి ఉంచే పదార్థం) పాళ్లు పెంచడం. అదీ కుదరకపోతే మరో ఎమల్సిఫయర్ కొంటారు. నూనె వైపు మాత్రం చూడరు. బాదం నూనెతో నెలల తరబడి నిలిచిన ఎమల్సిఫయర్ మిశ్రమమే, అవే పాళ్లలో ఆముదంతో వాడితే త్వరగా విడిపోవడం ఈ పనిలో మామూలు విషయం. అందుకే ఈ మార్గదర్శి నూనెతో మొదలవుతుంది. నూనె స్వభావం తెలిశాక దానికి తగిన ఎమల్సిఫయర్ జంటను లెక్కకట్టడం, ఆ జంటకు నీటి భాగంలో ఆసరా కల్పించడం, చివరికి సీసాలో ఉన్నది నిజంగా నిలుస్తుందో లేదో పరీక్షించడం వరుసగా వస్తాయి. ఇందుకు గ్రాములో నూరో వంతు వరకు చూపే త్రాసు, థర్మామీటర్, పీహెచ్ మీటర్, చిన్న హోమోజినైజర్ లేదా స్టిక్ బ్లెండర్ ఉంటే చాలు. చెంచాలతో, చుక్కలతో కొలిచే అలవాటును మాత్రం మొదటే మానుకోవాలి, ఎందుకంటే ఇక్కడ అర గ్రాము తేడాకే ఫలితం మారిపోతుంది.

విడిపోవడం అంటే ఏమిటి

నూనె, నీరు కలిసిన ఎమల్షన్‌లో ఒకటి చిన్నచిన్న బిందువులుగా మారి రెండోదానిలో చెదిరి ఉంటుంది. ఎమల్సిఫయర్ అణువుకు నీటిని ఇష్టపడే తల ఒకటి, నూనెను ఇష్టపడే తోక ఒకటి ఉంటాయి కనుక అది రెండింటి హద్దు మీద చేరి, అక్కడి తలతన్యతను తగ్గించి, బిందువు చుట్టూ పొరలా నిలబడుతుంది. ఆ పొర సరిగా ఉన్నంతకాలం బిందువులు ఒకదానిలో ఒకటి కలిసిపోవు.

విడిపోవడంలో మూడు రకాలను వేరుగా గుర్తించగలగాలి, ఎందుకంటే మూడింటికీ మందు ఒకటి కాదు. మొదటిది మీగడ కట్టడం: బిందువులు చెక్కుచెదరకుండానే పైకి తేలి, పైపొర చిక్కగా, కిందిపొర పల్చగా అవుతుంది, కదిపితే మళ్లీ కలుస్తుంది. రెండోది గుంపుకట్టడం: బిందువులు ఒకదానికొకటి అంటుకుని గుంపులవుతాయి గానీ వాటి పొరలు తెగవు. మూడోది కలిసిపోవడం: పొరలు తెగి చిన్న బిందువులు పెద్దవై, చివరికి విడి నూనెగా పైకి వస్తాయి. ఇది వెనక్కి మళ్లని మార్పు. మొదటి దానికి కారణం ఎక్కువగా బిందువు పరిమాణం, నీటి భాగపు పల్చదనం. మూడో దానికి కారణం ఎక్కువగా ఎమల్సిఫయర్, నూనె పొసగకపోవడం. స్టోక్స్ సూత్రం ప్రకారం బిందువు తేలే వేగం దాని వ్యాసార్ధపు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి వ్యాసార్ధం సగమైతే వేగం నాలుగో వంతుకు పడిపోతుంది. నీటి భాగం ఎంత చిక్కగా ఉంటే ఆ వేగం అంత తగ్గుతుంది.

మొదటి దశ: నూనెను తెలుసుకోవడం

సహజ నూనెలన్నీ ఒకటే అనుకోవడం పెద్ద పొరపాటు. బాదం, ఆలివ్, నువ్వులు, పొద్దుతిరుగుడు, ద్రాక్ష గింజల నూనెలు పొడవైన కొవ్వు ఆమ్లాలున్న ట్రైగ్లిజరైడ్‌లు, అంటే గ్లిజరాల్‌కు మూడు కొవ్వు ఆమ్లాలు అతుక్కుని ఉన్న కొవ్వులు. ఎమల్సిఫయర్ దృష్టితో చూస్తే ఇవి దగ్గరి బంధువులు, ఒకదాని స్థానంలో మరొకటి వాడినా ఎమల్షన్ సాధారణంగా తట్టుకుంటుంది. కొబ్బరి నూనెలో దాదాపు సగం లారిక్ ఆమ్లం. దాని గొలుసు పొట్టిది, నూనె సుమారు 24 నుంచి 26 డిగ్రీల సెల్సియస్ మధ్య కరుగుతుంది, అందువల్ల గది వేడిని బట్టి క్రీము చిక్కదనం మారుతుంది. జొజోబా నూనె నిజానికి నూనె కాదు, ద్రవరూపంలో ఉన్న మైనం. అందులో ట్రైగ్లిజరైడ్‌లకు బదులు మైనపు ఎస్టర్‌లు ఉంటాయి.

వీటన్నింటికీ దూరంగా నిలిచేది ఆముదం. దానిలోని కొవ్వు ఆమ్లాల్లో సుమారు 85 నుంచి 90 శాతం రిసినోలియిక్ ఆమ్లమే. ఆ ఆమ్లపు గొలుసు మధ్యలో ఒక హైడ్రాక్సిల్ సమూహం ఉండటం వల్ల ఆముదానికి ధ్రువత్వం (నీటి వైపు మొగ్గే గుణం) ఎక్కువ, చిక్కదనం మిగతా గింజల నూనెలకంటే పది రెట్లకు పైగా ఎక్కువ. ఇది ఆల్కహాల్‌లో సులువుగా కరుగుతుంది గానీ మినరల్ ఆయిల్ వంటి ధ్రువత్వం లేని నూనెలతో అన్ని పాళ్లలోనూ కలవదు. కాబట్టి ఆముదాన్ని అలాంటి వాటితో కలిపి వాడదలచినవారు ముందుగా నూనెలను మాత్రమే వేడిచేసి కలిపి, చల్లారాక ఒక రాత్రి కదపకుండా ఉంచి చూడాలి. నూనె భాగమే మబ్బుగా మారినా రెండు పొరలైనా ఏ ఎమల్సిఫయరూ దానిని కాపాడలేదు.

నూనె శుద్ధి చేసినదా, గానుగలో తీసి వడకట్టినదా అన్నది కూడా అంతే ముఖ్యం. శుద్ధి చేయని నూనెలో విడి కొవ్వు ఆమ్లాలు, ఫాస్ఫోలిపిడ్‌లు, జిగురు పదార్థాలు ఉంటాయి, ఇవి స్వయంగా హద్దు మీద చేరి ఎమల్సిఫయర్ పనిలో తలదూరుస్తాయి. దీనివల్ల వచ్చే చిక్కు ఒకటి అంత తేలికగా కంటికి కనపడదు. విడి కొవ్వు ఆమ్లాలు ఎక్కువగా ఉన్న నూనెతో, కాస్త క్షారగుణం ఉన్న నీటి భాగంతో చేసిన లోషన్ మొదట అద్భుతంగా వస్తుంది, ఎందుకంటే అక్కడికక్కడే కొంత సబ్బు పుట్టి ఎమల్సిఫయర్‌కు తోడవుతుంది. ఆ తరువాత పీహెచ్‌ను 5కు దించగానే ఆ సబ్బు తిరిగి కొవ్వు ఆమ్లంగా మారి ఆసరా పోతుంది, లోషన్ పల్చబడుతుంది, కొన్నిసార్లు విడిపోతుంది. అందుకే నూనె కొనేటప్పుడు ఆమ్ల విలువ (విడి కొవ్వు ఆమ్లాల కొలత), పెరాక్సైడ్ విలువ (నూనె ముక్కడానికి కొలత) ఉన్న పరీక్షా పత్రం అడిగి తీసుకోవడం మంచిది. ముక్కిన నూనెలో ధ్రువత్వం ఉన్న పదార్థాలు పెరుగుతాయి కనుక, తాజా నూనెతో కుదిరిన సూత్రం పాత నూనెతో కుదరకపోవచ్చు.

రెండో దశ: కావలసిన హెచ్‌ఎల్‌బిని రాసుకోవడం

ఎమల్సిఫయర్ అణువులో నీటివైపు, నూనెవైపు ఉన్న భాగాల తూకాన్ని ఒక అంకెగా చెప్పే పద్ధతిని 1949లో అట్లాస్ పౌడర్ కంపెనీకి చెందిన విలియం గ్రిఫిన్ ప్రతిపాదించాడు. అదే హెచ్‌ఎల్‌బి (హైడ్రోఫిలిక్-లైపోఫిలిక్ బ్యాలెన్స్). అయానులుగా విడిపోని ఎమల్సిఫయర్‌లకు ఇది 0 నుంచి 20 వరకు ఉంటుంది. అంకె తక్కువైతే నూనె వైపు మొగ్గు, ఎక్కువైతే నీటి వైపు మొగ్గు. సుమారు 3 నుంచి 6 వరకు ఉన్నవి నూనెలో నీరు రకానికి, 8 పైబడినవి నీటిలో నూనె రకానికి, 15 దాటినవి కొద్దిపాటి సుగంధ తైలాన్ని నీటిలో కరిగించడానికి ఎక్కువగా వాడతారు.

ఎమల్సిఫయర్‌కు ఒక అంకె ఉన్నట్టే, నీటిలో నూనె రకపు ఎమల్షన్ కోసం ప్రతి నూనెకూ కావలసిన అంకె ఒకటి ఉంటుంది. సాధారణంగా వాడే అంకెలు ఇవి: బాదం నూనె 6, కోకో బటర్ 6, జొజోబా 6.5, ఆలివ్, నువ్వులు, పొద్దుతిరుగుడు, అవకాడో, ద్రాక్ష గింజల నూనెలు 7, కొబ్బరి నూనె 8, షియా బటర్ 8, తేనెమైనం 9, ఆముదం 14, స్టియరిక్ ఆమ్లం 15, సెటైల్ ఆల్కహాల్ 15.5. ఈ పట్టికలు సరఫరాదారును బట్టి ఒకటి రెండు అంకెలు అటూఇటూ ఉంటాయి. దానికి కలవరపడనక్కరలేదు, ఎందుకంటే సహజ నూనె పంటను బట్టి, శుద్ధిని బట్టి మారే పదార్థం, దానికి దశాంశాల వరకు కచ్చితమైన అంకె ఉండటం సాధ్యం కాదు.

ఇక్కడ చాలామందికి ఒక సందేహం వస్తుంది. గింజల నూనెలకు కావలసిన అంకె 6, 7 దగ్గర ఉంటే, అది నూనెలో నీరు రకపు ఎమల్సిఫయర్‌ల పరిధికి ఆనుకుని ఉన్నట్టే కదా అని. మిశ్రమపు సగటు అంకె తక్కువే అయినా, నీటి పాళ్లు ఎక్కువగా ఉండటం, జంటలో నీటిని ఇష్టపడే సభ్యుడు ఉండటం వల్ల నీటిలో నూనె రకమే ఏర్పడవచ్చు. ఏ భాగంలో ఎమల్సిఫయర్ ఎక్కువగా కరుగుతుందో ఆ భాగమే బయట ఉంటుందన్నది బాంక్రాఫ్ట్ నియమం. అయినా ఈ హద్దు ప్రాంతంలో పనిచేసేటప్పుడు పట్టికలోని అంకెతో పాటు దానికి ఒకటి, రెండు అంకెలు పైన కూడా నమూనాలు చేసి చూడటం వివేకం.

మూడో దశ: ఏ రకం ఎమల్షన్ అన్నది తేల్చుకోవడం

రోజువారీ లోషన్లకు, తేలికపాటి క్రీములకు నీటిలో నూనె రకం సరిపోతుంది, ఈ మార్గదర్శిలో ఎక్కువ భాగం దాని గురించే. పొడి చర్మానికి పైపూతగా నిలిచే చిక్కని క్రీము కావాలంటే నూనెలో నీరు రకం ఎంచుకోవచ్చు. దానికి పాలీగ్లిజరిల్-3 పాలీరిసినోలియేట్, పాలీగ్లిజరిల్-2 డైపాలీహైడ్రాక్సీస్టియరేట్ వంటివి వాడతారు. అందులో నీటిని నూనెలోకి సన్నని ధారగా, ఆగకుండా కలుపుతూ పోయాలి. నీటి భాగంలో 0.5 నుంచి 1 శాతం మెగ్నీషియం సల్ఫేట్ ఉంటే నిలకడ బాగా పెరుగుతుంది. కొత్తగా మొదలుపెట్టేవారికి ఇది తొలి ప్రయోగంగా తగదు.

నాలుగో దశ: జంటను లెక్కకట్టడం

ఒక ఎమల్సిఫయర్‌కంటే, తక్కువ హెచ్‌ఎల్‌బి ఉన్నదీ ఎక్కువ హెచ్‌ఎల్‌బి ఉన్నదీ కలిసిన జంట మేలు. రెండు రకాల అణువులు హద్దు మీద ఒకదాని సందుల్లో మరొకటి ఇమిడి పొరను దట్టంగా కడతాయని 1940 నాటి షుల్మన్, కాక్‌బెయిన్‌ల పరిశోధన నుంచి తెలిసిన సంగతే. తరచుగా వాడే సభ్యుల అంకెలు ఇలా ఉంటాయి: సార్బిటాన్ ఒలియేట్ 4.3, సార్బిటాన్ స్టియరేట్ 4.7, గ్లిజరిల్ స్టియరేట్ 3.8, స్టియరెత్-2 4.9, పాలీసార్బేట్-60 14.9, పాలీసార్బేట్-80 15, స్టియరెత్-21 15.5, పాలీసార్బేట్-20 16.7, పెగ్-100 స్టియరేట్ 18.8.

లెక్కను ఒక ఉదాహరణతో పూర్తిగా చూద్దాం. 100 గ్రాముల లోషన్‌లో ఎమల్సిఫయర్ కాకుండా నూనె భాగం 20 గ్రాములు అనుకుందాం. అందులో నువ్వుల నూనె 10 గ్రాములు, కొబ్బరి నూనె 5 గ్రాములు, షియా బటర్ 3 గ్రాములు, సెటైల్ ఆల్కహాల్ 2 గ్రాములు. ప్రతి పదార్థం వాటాను దాని అంకెతో గుణించి కూడాలి. నువ్వుల నూనె వాటా సగం కనుక 0.50 ఇంటూ 7, అంటే 3.50. కొబ్బరి నూనెది 0.25 ఇంటూ 8, అంటే 2.00. షియా బటర్‌ది 0.15 ఇంటూ 8, అంటే 1.20. సెటైల్ ఆల్కహాల్‌ది 0.10 ఇంటూ 15.5, అంటే 1.55. మొత్తం 8.25. ఈ నూనె భాగానికి కావలసిన హెచ్‌ఎల్‌బి అదే. సెటైల్ ఆల్కహాల్ వాటా పదో వంతే అయినా మొత్తాన్ని ఎంత పైకి లాగిందో గమనించండి. చిక్కదనం కోసమని దానిని లెక్కలో కలపకుండా చివర్లో జోడించేవారి సూత్రాలు తప్పేది ఇక్కడే.

ఇప్పుడు సార్బిటాన్ స్టియరేట్, పాలీసార్బేట్-60 జంటతో ఆ 8.25ను అందుకోవాలి. ఎక్కువ హెచ్‌ఎల్‌బి ఉన్న సభ్యుడి వాటా కోసం, కావలసిన అంకె నుంచి తక్కువ అంకెను తీసివేసి, దానిని రెండు ఎమల్సిఫయర్‌ల అంకెల తేడాతో భాగించాలి. 8.25 నుంచి 4.7 తీసివేస్తే 3.55, 14.9 నుంచి 4.7 తీసివేస్తే 10.2, భాగహారం చేస్తే దాదాపు 0.348. అంటే జంటలో పాలీసార్బేట్-60 సుమారు 35 శాతం, సార్బిటాన్ స్టియరేట్ సుమారు 65 శాతం. మొత్తం ఎమల్సిఫయర్‌ను నూనె భాగంలో ఐదో వంతుగా, అంటే 4 గ్రాములుగా తీసుకుంటే పాలీసార్బేట్-60 1.39 గ్రాములు, సార్బిటాన్ స్టియరేట్ 2.61 గ్రాములు అవుతుంది. నూనె భాగంలో 20 నుంచి 25 శాతం ఎమల్సిఫయర్ అన్నది మొదలుపెట్టడానికి అనువైన పాళ్లు. అంకె సరిగా కుదిరితే తరువాత తగ్గించుకోవచ్చు.

ఇదే సూత్రంలో నువ్వుల నూనెలో సగం తీసి 5 గ్రాముల ఆముదం వేస్తే ఏమవుతుందో చూడండి. నువ్వుల నూనె 1.75, ఆముదం 3.50, మిగతావి యథాతథం. మొత్తం సరిగ్గా 10కి చేరుతుంది. జంటలో పాలీసార్బేట్-60 వాటా 35 నుంచి 52 శాతానికి పెరగాలి, అంటే 4 గ్రాములలో 2.08 గ్రాములు అదే, మిగిలిన 1.92 గ్రాములు సార్బిటాన్ స్టియరేట్. మొత్తం ఎమల్సిఫయర్ ఒక్క చుక్క కూడా పెరగలేదు, లోపలి పాళ్లు మాత్రమే మారాయి. నూనె మార్చినప్పుడు ఎమల్సిఫయర్ పరిమాణం పెంచేవారు చేయవలసిన పని నిజానికి ఇది. అవసరానికి మించిన ఎమల్సిఫయర్ లోషన్‌ను జిగటగా చేస్తుంది, రుద్దినప్పుడు తెల్లటి నురగలా కనిపిస్తుంది, చర్మంలోని సహజమైన కొవ్వును కూడా కదిలించగలదు.

లెక్కలో రెండు జాగ్రత్తలు. గ్లిజరిల్ స్టియరేట్ ఎమల్సిఫయర్ కనుక దానిని నూనెల జాబితాలో కలపకూడదు. తేనెమైనం మాత్రం నూనె భాగంలోదే, దానంతట అది ఎమల్సిఫయర్ కాదు. గ్లిజరిల్ స్టియరేట్ మార్కెట్లో రెండు రూపాల్లో దొరుకుతుంది. మామూలు రూపం ఒంటరిగా నీటిలో నూనె ఎమల్షన్‌ను నిలబెట్టలేదు. ఎస్‌ఈ అని గుర్తు ఉన్న రూపంలో కొద్దిగా సబ్బు కలిసి ఉంటుంది కనుక అది నిలబెట్టగలదు. రెండూ చూడటానికి ఒకే తెల్లటి పెచ్చుల్లా ఉంటాయి, సీసా మీది పేరు చదవకుండా వాడితే ఎక్కడ తప్పు జరిగిందో ఎంత వెతికినా దొరకదు.

ఐదో దశ: ఎమల్సిఫయర్ కుటుంబాన్ని ఎంచుకోవడం

అంకె కుదిరినంత మాత్రాన పని పూర్తి కాదు. ఒకే హెచ్‌ఎల్‌బి వచ్చేలా పది రకాల జంటలు కట్టవచ్చు, వాటిలో కొన్ని నిలుస్తాయి, కొన్ని నిలవవు. తోక పొడవు, దాని సంతృప్త స్వభావం ఇక్కడ పని చేస్తాయి. స్టియరేట్ తోకలున్న జంట సెటైల్ లేదా సెటీయరిల్ ఆల్కహాల్‌తో కలిసి నీటి భాగంలో పొరలుపొరలుగా ఉండే జెల్ నిర్మాణాన్ని కడుతుంది, క్రీముకు బిగువు వచ్చేది దానివల్లే. ఒలియేట్ తోకలున్న జంట ద్రవరూపంలో ఉండే నూనెలతో చక్కగా కలుస్తుంది గానీ పల్చని పాల వంటి లోషన్‌నే ఇస్తుంది. క్రీము కావాలంటే స్టియరేట్‌లతో, స్ప్రే చేయదగిన లోషన్ కావాలంటే ఒలియేట్‌లతో మొదలుపెట్టడం నా సలహా.

ఇథిలీన్ ఆక్సైడ్ ఆధారంగా తయారైన పాలీసార్బేట్‌లు, పెగ్ రకాలు వద్దనుకునేవారికి సెటీయరిల్ ఒలివేట్, సార్బిటాన్ ఒలివేట్ మిశ్రమం, సెటీయరిల్ ఆల్కహాల్‌తో కలిసిన సెటీయరిల్ గ్లూకోసైడ్, సుక్రోజ్ స్టియరేట్, పాలీగ్లిజరిల్ ఎస్టర్‌లు, గ్లిజరిల్ స్టియరేట్ సిట్రేట్ ఉన్నాయి. వీటిలో మొదటి రెండూ ద్రవ స్ఫటిక నిర్మాణాన్ని కడతాయి కనుక వాటి నిలకడను హెచ్‌ఎల్‌బి అంకె ఒక్కటే నిర్ణయించదు. అటువంటి వాటి విషయంలో లెక్కకంటే తయారీదారు సూచించిన శాతం, వేడి, కలిపే వరుసలకే ఎక్కువ విలువ ఇవ్వాలి. ఇథాక్సిలేటెడ్, అంటే ఇథిలీన్ ఆక్సైడ్ ఆధారంగా తయారైన, ఎమల్సిఫయర్‌లకు మరో గుణం ఉంది. వేడి పెరిగేకొద్దీ వాటి తల నీటి మీద పట్టు కోల్పోతుంది, కాబట్టి వాటితో చేసిన లోషన్‌ను వేడి ప్రాంతంలో నిలువ చేసి చూడకుండా సరేననుకోకూడదు.

అయానులుగా విడిపోయేవాటిలో సోడియం స్టియరాయిల్ గ్లుటమేట్, పొటాషియం సెటైల్ ఫాస్ఫేట్ రుణావేశం గలవి. ఇవి బిందువులకు ఆవేశం ఇచ్చి ఒకదానినొకటి తోసేలా చేస్తాయి కనుక తక్కువ పాళ్లలోనే బలంగా పనిచేస్తాయి, కానీ ఉప్పు ఎక్కువగా ఉన్న మొక్కల రసాలు, ఖనిజ లవణాలు కలిస్తే ఆ తోపుడు బలహీనపడుతుంది. బెహెన్‌ట్రైమోనియం మెథోసల్ఫేట్ ధనావేశం గలది. జుట్టు కండిషనర్లలో వాడే దీనిని క్శాంథన్ గమ్, కార్బోమర్ వంటి రుణావేశపు చిక్కబరిచే పదార్థాలతో కలిపితే రెండూ కలిసి ఉండలు కట్టే ప్రమాదం ఉంది.

ఆరో దశ: తెలియని నూనెకు అంకెను మనమే కనుక్కోవడం

పట్టికలో దొరకని నూనె, లేదా మొక్కల ఆకులు నానబెట్టి తీసిన తైలం వాడదలచినప్పుడు ఈ చిన్న పరీక్ష తప్పనిసరి. సార్బిటాన్ ఒలియేట్, పాలీసార్బేట్-80 జంటను తీసుకుని హెచ్‌ఎల్‌బి 6, 8, 10, 12, 14 వచ్చేలా ఐదు మిశ్రమాలు చేయాలి. వాటిలో పాలీసార్బేట్-80 వాటా వరుసగా సుమారు 16, 35, 53, 72, 91 శాతం ఉంటుంది. ఒక్కో గాజు సీసాలో 10 గ్రాముల నూనె, 2 గ్రాముల ఎమల్సిఫయర్ మిశ్రమం, 38 గ్రాముల నీరు వేసి, అన్నింటినీ ఒకే వేడిలో, ఒకే వేగంతో, ఒకే సమయంపాటు కలపాలి. చిక్కబరిచే పదార్థం ఏదీ వేయకూడదు. తేడాలు త్వరగా బయటపడాలన్నదే ఇక్కడి ఉద్దేశం. ఒక రోజు తరువాత సీసాలను వెలుగుకు ఎదురుగా పెట్టి చూస్తే ఏ అంకె దగ్గర మీగడ పొర అన్నింటికంటే పల్చగా ఉందో, ఎక్కడ విడి నూనె కనపడలేదో తెలిసిపోతుంది. ఆ అంకెకు ఇరువైపులా అర అంకె తేడాతో మళ్లీ మూడు నాలుగు సీసాలు చేస్తే కావలసిన అంకె బాగా దగ్గరగా దొరుకుతుంది. ఆ తరువాతే ఆ అంకెను ఇతర కుటుంబాల జంటలతో ప్రయత్నించాలి.

నమూనా రంగు కూడా చాలా చెబుతుంది. బిందువులు ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే పెద్దవైతే పాలలా తెల్లగా, 0.1 నుంచి 1 మైక్రాన్ మధ్య ఉంటే నీలం కలిసిన తెలుపుగా, అంతకంటే చిన్నవైతే బూడిదరంగులో సగం పారదర్శకంగా కనిపిస్తుంది. ఒకే విధంగా కలిపిన ఐదు సీసాల్లో ఒకటి నీలిఛాయతో మెరిస్తే ఎంచుకోవలసినది బహుశా అదే.

ఏడో దశ: నీటి భాగానికి ఆసరా

బిందువు చుట్టూ పొర ఎంత మంచిదైనా నీరు పల్చగా ఉంటే మీగడ కట్టడం ఆగదు. 0.2 నుంచి 0.3 శాతం క్శాంథన్ గమ్ చాలు, ఎక్కువైతే లోషన్ సాగుతుంది. గమ్‌ను నేరుగా నీటిలో చల్లితే ఉండలు కడుతుంది కనుక ముందుగా గ్లిజరిన్‌లో బాగా కలిపి, ఆ ముద్దను కదుపుతూ నీటిలో పోయాలి. నూనె భాగంలో, మొత్తం లోషన్ బరువులో 1 నుంచి 3 శాతం మేర, సెటైల్ లేదా సెటీయరిల్ ఆల్కహాల్ ఉండటం కూడా ఆసరాయే. నీరు డిస్టిల్డ్ లేదా డీఅయొనైజ్డ్ అయి ఉండాలి. కుళాయి నీటిలోని కాల్షియం, ఇనుము ఒకవైపు ఎమల్సిఫయర్‌ను, మరోవైపు నూనె తాజాదనాన్ని దెబ్బతీస్తాయి.

ఎనిమిదో దశ: తయారీ

పై ఉదాహరణకు పూర్తి తూకం ఇది: నూనె భాగం 20 గ్రాములు, ఎమల్సిఫయర్ జంట 4 గ్రాములు, విటమిన్ ఇ 0.2 గ్రాము, గ్లిజరిన్ 4 గ్రాములు, క్శాంథన్ గమ్ 0.2 గ్రాము, ఫినాక్సీఇథనాల్ ఆధారిత ప్రిజర్వేటివ్ 1 గ్రాము, డిస్టిల్డ్ నీరు 70.6 గ్రాములు. నూనెలు, బటర్, సెటైల్ ఆల్కహాల్, రెండు ఎమల్సిఫయర్‌లను ఒక బీకర్‌లో, నీరు, గ్లిజరిన్, గమ్‌లను మరో బీకర్‌లో వేసి రెండింటినీ 70 నుంచి 75 డిగ్రీల వరకు వేడిచేయాలి. రెండు భాగాల వేడి దాదాపు సమానంగా ఉండాలి. చల్లటి నీరు తగిలితే స్టియరేట్‌లు హద్దు చేరకముందే గడ్డకట్టి, క్రీములో తెల్లటి పలుకులుగా మిగిలిపోతాయి. నీటి బీకర్‌ను మూతతో సహా ముందే తూచి ఉంచుకుని, ఆవిరైపోయిన నీటిని వేడినీటితో తిరిగి నింపాలి, లేకపోతే కష్టపడి కట్టిన లెక్క అంతా పక్కకు జరుగుతుంది.

తరువాత ఒకదానిని మరొకదానిలో పోస్తూ రెండు నుంచి ఐదు నిమిషాలు హోమోజినైజర్‌తో కలపాలి. స్టిక్ బ్లెండర్ వాడేవారు దాని తలను పూర్తిగా ముంచి, వంచి గాలి బుడగను బయటికి పంపాకే స్విచ్ వేయాలి. గాలి చేరిన లోషన్ చిక్కగా ఉన్నట్టు మోసగించి, వారం తరువాత కుంగుతుంది. ఆ తరువాత వేగం తగ్గించి, 40 డిగ్రీలకు దిగేవరకు నెమ్మదిగా కదుపుతూనే ఉండాలి. జెల్ నిర్మాణం చల్లారే దశలోనే ఏర్పడుతుంది, ఆ సమయంలో వేగంగా చిలికితే అది తెగిపోతుంది. షియా బటర్ ఎక్కువగా ఉన్నప్పుడు మాత్రం బీకర్‌ను చల్లటి నీటి తొట్టిలో ఉంచి త్వరగా చల్లార్చడం మేలు, నిదానంగా చల్లారితే అది ఇసుకలా పలుకులు కడుతుంది. విటమిన్ ఇ, ప్రిజర్వేటివ్, సుగంధ తైలం ఉంటే అది, 40 డిగ్రీల వద్ద చేర్చాలి.

తొమ్మిదో దశ: ప్రిజర్వేటివ్, పీహెచ్, సుగంధం

నీరు ఉన్న ఏ ఎమల్షన్‌కైనా ప్రిజర్వేటివ్ తప్పనిసరి. విటమిన్ ఇ నూనె ముక్కిపోవడాన్ని ఆలస్యం చేస్తుంది తప్ప సూక్ష్మజీవులను ఆపదు. ఫినాక్సీఇథనాల్‌కు యూరోపియన్ యూనియన్ విధించిన గరిష్ఠ పరిమితి 1 శాతం. సోడియం బెంజోయేట్, పొటాషియం సార్బేట్ వాడేవారు పీహెచ్‌ను 5 లేదా అంతకంటే తక్కువకు తేవాలి, అప్పుడే అవి పనిచేస్తాయి. పాలీసార్బేట్‌లు పారాబెన్‌లు అనే ప్రిజర్వేటివ్‌లను తమ మైసెల్‌లలోకి, అంటే నీటిలో తమ అణువులు కట్టే చిన్న గుంపుల్లోకి, లాక్కుని వాటి శక్తిని తగ్గిస్తాయి. ఎమల్సిఫయర్ ఎంపిక నిలకడనే కాక ప్రిజర్వేటివ్‌ను కూడా తాకుతుందనడానికి ఇది మంచి ఉదాహరణ.

సుగంధ తైలాలు గింజల నూనెల వంటివి కావు. వాటిలోని చిన్న అణువులు నీటిలో కొద్దిగా కరుగుతాయి కాబట్టి చిన్న బిందువుల నుంచి పెద్ద బిందువులకు నీటి గుండా ప్రయాణిస్తూ పోతాయి. దీనిని ఆస్ట్వాల్డ్ పక్వత అంటారు. పొడవైన గొలుసుల ట్రైగ్లిజరైడ్‌లు నీటిలో కరగనట్టే కనుక వాటిలో ఇది పెద్దగా జరగదు. సుగంధ తైలాన్ని ముందుగా కొద్దిపాటి గింజల నూనెలో కలిపి చేర్చితే ఈ ఇబ్బంది చాలావరకు తప్పుతుంది.

పదో దశ: పరీక్షలు, లోపాన్ని చదవడం

ముందుగా రకం తేల్చాలి. ఒక చుక్క లోషన్‌ను నీటిలో వేస్తే సులువుగా చెదిరిపోతే అది నీటిలో నూనె రకం, చుక్కగానే తేలితే నూనెలో నీరు రకం. తరువాత సెంట్రిఫ్యూజ్ ఉంటే నిమిషానికి 3000 చుట్ల వేగంతో 30 నిమిషాలు తిప్పి చూడాలి. లేనివారు ఒక సీసాను 45 డిగ్రీల వద్ద, ఒకదానిని గది వేడిలో, ఒకదానిని ఫ్రిజ్‌లో ఉంచి, కనీసం మూడు నెలలు చూడాలి. వీటితో పాటు ఒక సీసాను ఫ్రీజర్‌లో ఒక రోజు, బయట ఒక రోజు చొప్పున కనీసం మూడు ఆవృత్తులు తిప్పాలి. ప్రతిసారీ రూపం, వాసన, పీహెచ్, చిక్కదనం రాసుకోవాలి.

లోపం కనపడినప్పుడు దాని రూపమే కారణం వైపు చూపిస్తుంది. పైన చిక్కని పొర చేరి, కదిపితే కలిసిపోతే, ఎమల్సిఫయర్ జోలికి పోకుండా గమ్‌ను కాస్త పెంచాలి లేదా ఎక్కువసేపు హోమోజినైజ్ చేయాలి. పైన పసుపుపచ్చని విడి నూనె వలయంలా కనపడితే హెచ్‌ఎల్‌బి లెక్క మళ్లీ చూడాలి, లెక్క సరైనదైతే కుటుంబం మార్చాలి. గది వేడిలో బాగుండి 45 డిగ్రీల వద్ద మాత్రమే విడిపోతే ఇథాక్సిలేటెడ్ సభ్యుడిని అనుమానించి గ్లూకోసైడ్ లేదా పాలీగ్లిజరిల్ రకానికి మారి చూడాలి. ఫ్రీజర్ నుంచి వచ్చాకే విడిపోతే గ్లిజరిన్ పెంచి చూడవచ్చు. వారం రోజుల్లో పీహెచ్ దిగుతూ పోతే నూనె ముక్కుతోందేమో, ప్రిజర్వేటివ్ విఫలమైందేమో ముందు తేల్చుకోవాలి, ఆ సీసాను చర్మానికి వాడకూడదు. ఒక్కసారి ఒక్క మార్పే చేయాలి. రెండు కలిపి మార్చితే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

అన్ని పరీక్షలూ దాటిన సూత్రమైనా నూనె కొత్త బ్యాచ్ వచ్చినప్పుడు మళ్లీ పరీక్షకు నిలవాలి. కొత్త డబ్బా తెరిచినప్పుడు దాని ఆమ్ల విలువను పాత పత్రంతో పోల్చి, వంద గ్రాముల నమూనా ఒకటి చేసి, 45 డిగ్రీల వద్ద వారం పాటు ఉంచి చూశాకే పెద్ద మొత్తంలో తయారీ మొదలుపెట్టాలి.